ఓక్ చెట్టు చుట్టూ అరుగు

నాకు ముక్కు మీదే కోపం. ఈ దేశం వచ్చాక తగ్గుతుందనుకున్నాను, ఎందుకంటే జర్మన్‌లో కోప్పడాలంటే ముందు మాటలు వెతుక్కోవాలి, ఈలోగా సగం చల్లారిపోతుంది. తగ్గలేదు సరికదా, మాటలు సమయానికి దొరికిన రోజున రెట్టింపు వచ్చింది. అలా ఒక రోజు దొరికిన మాటల వల్ల మా దొడ్లో ఎనభై ఏళ్ల ఓక్ చెట్టు చావు దాకా వెళ్లింది. ఈ సంగతి మా తెలుగువాళ్లలో చాలామందికి సగమే తెలుసు. మిగతా సగం ఇప్పుడు చెబుతున్నాను.

డ్రెస్డెన్ ఊరి చివర, పైన్ అడవి మొదలయ్యే చోట మేం పాత ఇల్లు కొన్నాం. అమ్మినవాళ్లు హాంబర్గ్‌లో ఉంటారు. తాళాలిచ్చారు, సంతకాలు పెట్టారు, వెళ్లిపోయారు. మా ఆయనది వరంగల్ వైపు, కంప్యూటర్ చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. నాది గుంటూరు వైపు, ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మాకో కూతురు, అప్పటికి ఏడేళ్లు, తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబు చెప్పే రకం. దాని గది మేడ మీద. ఆ గది కిటికీకి ఒక పక్క పైన్ చెట్టు, వెనక పక్క ఓక్ చెట్టు. ఓక్ కొమ్మలు గది కప్పు మీదికి వచ్చి ఉండేవి.

మొదటి రోజు నుంచీ నాకు పైన్ అంటే పడదు. కింద నలభై అడుగుల దాకా ఒక్క కొమ్మ లేదు, పైన మాత్రం గుబురుగా ఇంత బరువు. గాలి వీస్తే మొదలంటా ఊగేది, కిర్రుమని చప్పుడు చేసేది. సూదుల్లాంటి ఆకులు రాలి కప్పు మీది నీటి కాలవలు నిండిపోయేవి, జిగురు కారి కారు అద్దానికి అంటుకునేది. ఓక్ అలా కాదు. లావుగా, నిబ్బరంగా, ఎంత గాలికైనా కొసలు మాత్రమే కదిపేది. దాని నీడలో నిలబడితే ఇంట్లో పెద్దదిక్కు ఉన్నట్టుండేది. పైన్ పిల్ల మీద పడుతుందని, కొట్టించేద్దామని మా ఆయన ప్రాణం తీశాను. ఇక్కడ సొంత దొడ్లో చెట్టు కొట్టాలన్నా మునిసిపాలిటీ అనుమతి కావాలి. కాస్త లావెక్కిన చెట్లన్నీ చట్టం కింద రక్షణలో ఉంటాయి. అర్జీ పెట్టాం. చెట్టు ఆరోగ్యంగా ఉంది, ఊగడం పైన్ లక్షణం, అనుమతి లేదు అని ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరం చూసి నేను రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

ఆ వేసవిలో సెల్లార్ గోడలకి చెమ్మ వస్తోందని ఇంటి చుట్టూ తవ్వించాం. తవ్విన మట్టి గుట్టగా మిగిలింది. దాన్ని పారేయాలన్నా ఇక్కడ ఒక కంటైనర్ తెప్పించాలి, దానికో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, అది దొరికేసరికి నెల. నాకేమో ఆ మట్టిని చూస్తుంటే ఆలోచన వచ్చింది. నేను చదువుకున్న హైస్కూల్లో వేపచెట్టు చుట్టూ అరుగు ఉండేది. టీచర్లు మధ్యాహ్నం క్యారేజీలు విప్పేది దాని మీదే, హోంవర్క్ చేయనివాళ్లని నిలబెట్టేదీ దాని మీదే. నేను ఎక్కువగా నిలబడే బ్యాచ్. పెద్ద చెట్టంటే చుట్టూ అరుగుండాలని నా బుర్రలో ముద్ర పడిపోయింది. పైగా ఓక్ వేళ్లు పైకి తేలి, పరిగెత్తినప్పుడల్లా పిల్ల తట్టుకుని పడేది. అరుగు కడితే మట్టికి దారి దొరుకుతుంది, మనకి కూర్చునే చోటు దొరుకుతుంది, పిల్ల మోకాళ్లు బాగుపడతాయి. ఇంతకంటే తెలివైన పని ఉంటుందా అనుకున్నాను.

చెట్టు మొదలు చుట్టూ రాళ్లు పేర్చి, మోకాలెత్తు మట్టి నింపి, కాళ్లతో తొక్కి గట్టి చేశాం. సగం పని అయ్యాక పక్కింటి ముసలాయన కంచె దగ్గరికి వచ్చాడు. పొడుగు మనిషి, డెబ్భై ఏడో డెబ్భై ఎనిమిదో ఉంటాయి. అప్పటిదాకా మా మధ్య గూటెన్ టాగ్ అనే పలకరింపు తప్ప ఇంకో మాట లేదు.

"ఆ మట్టి తీసేయండి," అన్నాడు. "ఓక్ వేళ్లకి గాలి కావాలి. మొదలు కప్పకూడదు."

ఆ వారంలో అప్పటికే నన్ను ముగ్గురు సరిదిద్దారు. చెత్త తప్పు డబ్బాలో వేశానని ఒకావిడ, చప్పుడు చేయకూడని ఆదివారం గోడకి మేకు కొట్టానని ఒకాయన, ట్రామ్‌లో ఫోన్లో గట్టిగా మాట్లాడానని ఇంకొకావిడ. ఈయన నాలుగో మనిషి. చిర్రెత్తుకొచ్చింది. ఆ రోజు మాటలు కూడా వెతుక్కోకుండానే దొరికాయి.

"ఇది ఇప్పుడు మా ఇల్లండీ," అన్నాను. "మా చెట్టు. ఏం చేసుకోవాలో మాకు తెలుసు."

ఆయన నా మొహం చూశాడు, చెట్టుని చూశాడు. "అవును. మీ ఇల్లే," అని లోపలికి వెళ్లిపోయాడు. అంతే. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఆ సాయంత్రం పంతం కొద్దీ ఇంకో నాలుగు తోపుడుబళ్ల మట్టి పోయించాను. మా ఆయన "చాలు తియ్యే, చెట్టును బొందపెడుతున్నవా ఏంది" అన్నాడు. నవ్వుకున్నాం కూడా.

అరుగు ఎంత బాగా కుదిరిందంటే, ఆదివారాలు తెలుగు కుటుంబాలు మా ఇంటికి పులిహోర డబ్బాలు పట్టుకుని వచ్చేవి. "అబ్బ, మన ఊళ్లో కూర్చున్నట్టే ఉందండీ" అని అందరూ దాని మీద ఫోటోలు దిగేవాళ్లు. నేను పొంగిపోయేదాన్ని. ఎండ ముదిరితే రోజూ చెట్టు మొదట్లో రెండు బకెట్ల నీళ్లు పోసేదాన్ని. చెట్టుకి సేవ చేస్తున్నాననే అనుకున్నాను.

రెండో ఏడు ఓక్ ఆకులు చిన్నవిగా వచ్చాయి. ఎండలనుకున్నాను, ఇంకో బకెట్ పోశాను. మూడో ఏడు అడవి అంచున ఓక్‌లన్నీ ఆకులేసి నీడ పరిచినా, మా చెట్టుకి ఒక పక్కంతా బోడిగా ఉండిపోయింది. జూన్‌లో నా తొడంత లావున్న ఎండుకొమ్మ ఒకటి గాలి కూడా లేనప్పుడు విరిగి, పిల్ల బొమ్మలు పెట్టుకునే చోట పడింది. పిల్ల అప్పుడు స్కూల్లో ఉంది. పక్కనే పైన్ పచ్చగా, హాయిగా ఊగుతోంది. భయపడాల్సిన చెట్టు వదిలి రెండేళ్లు ఇంకో చెట్టుకి కాపలా కాశానని అప్పుడు తెలిసింది.

మునిసిపాలిటీకి రాశాం. జులై చివర చెట్లు చూసే ఇన్‌స్పెక్టర్ వచ్చింది. నా వయసే ఉంటుంది, చేతిలో చిన్న సుత్తి. చెట్టు చుట్టూ తిరిగింది, పైకి చూసింది, సుత్తితో అక్కడక్కడా కొట్టి విన్నది. అరుగు దగ్గర ఆగింది.

"ఈ మట్టి ఎప్పటిది?"

నేను నోరు తెరిచేలోపే మా ఆయన అన్నాడు, "మేం కొన్నప్పటికే ఉంది."

కంచె అవతల ముసలాయన చిక్కుడుకాయలు కోస్తున్నాడు. ఆయన చెయ్యి ఆగిపోయింది. ఇటు తిరగలేదు. మా ఆయన మాట ఆయనకి వినపడిందని నాకు తెలుసు, వినపడిందని నాకు తెలుసని ఆయనకీ తెలుసు.

ఇన్‌స్పెక్టర్ పెదవి విరిచింది. "అయితే ఎన్నేళ్ల నుంచి ఉందో చెప్పలేం. ముప్పై ఏళ్లు కూడా కావచ్చు. అన్నేళ్లు మట్టిలో ఉంటే మొదలు చుట్టూ కుళ్లిపోతుంది. పైన సగం ఎండిందంటే కింద జరిగింది అదే."

"మట్టి తీసి చూడొచ్చు కదా," అన్నాను.

"ఇన్నేళ్లది తీస్తే ఇంకా ప్రమాదం. కుళ్లిన మొదలుని ఆ మట్టే నిలబెట్టి ఉండొచ్చు. పైన పిల్ల గది ఉంది. ఆకురాలే కాలంలో పెద్ద గాలులొస్తాయి. నేను కొట్టెయ్యమనే రాస్తాను."

పదిరోజుల్లో ఉత్తరం వచ్చింది. చెట్టు కొట్టేది అక్టోబర్ మొదటి వారం, బుధవారం, ఉదయం ఏడింటికి.

ఆ రోజు వంటింట్లో మేం కొట్టుకున్నంత పని చేశాం. "అబద్ధం ఎందుకు చెప్పావు?" అన్నాను.

"మరేం జెప్పమంటవ్?" అన్నాడు మా ఆయన. "రక్షణలున్న చెట్టును మేమే సంపినమని చెప్పాల్నా? సిటిజన్‌షిప్ ఫైల్ ఆఫీసుల ఉన్నది. ఏడాదిన్నర నుంచి చూస్తున్నం. దాంట్ల ఒక్క మరక పడ్డదనుకో, ఏమైతది?"

"చెట్టు పోతుంది."

"అది ఎట్లైనా పోతది గద. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడ్తది. ఊకో."

నేను ఊరుకున్నాను. అదే ఈ కథలో ఇప్పటికీ నాకు మింగుడుపడనిది. ఇక్కడ అన్నీ కాగితాలతోనే నడుస్తాయి. ఇల్లు మారితే కాగితం, పిల్ల పుడితే కాగితం, వీసా గడువు దగ్గరపడితే ఒక కాగితం కోసం మూడు నెలలు నిద్రుండదు. పదేళ్లు అలా బతికినవాళ్లకి ఫైల్ అంటే ప్రాణం. కానీ ఆయన్ని ఎంత తిట్టినా, ఆగస్టు, సెప్టెంబర్ రెండు నెలలూ నోరు మూసుకుని కూర్చుంది నేనే. ఇంట్లో అంత నోరున్నదాన్ని, అక్కడ పెగల్లేదు.

ఆ రెండు నెలలూ ముసలాయన మా అబద్ధం ఎక్కడ బయటపెడతాడో అని భయపడ్డాను. పోస్టు వస్తే భయం, బెల్లు మోగితే భయం. ఇక్కడివాళ్లు ఆదివారం మేకు కొడితేనే ఉత్తరం రాస్తారు, ఇంత పెద్ద సంగతి వదులుతారా? ఆయన రోజూ కంచె దగ్గరికి వచ్చేవాడు. ఓక్ పైకొమ్మల వైపు కాసేపు చూసి, గూటెన్ టాగ్ అని, వెళ్లిపోయేవాడు. ఒక్కసారి తిట్టినా బాగుండేది. తిడితే నేనూ తిట్టేదాన్ని, కాస్త ఊపిరాడేది.

చెట్టు కొట్టే బుధవారానికి నాలుగు రోజుల ముందు, శనివారం మధ్యాహ్నం బెల్లు మోగింది. గేటు బయట ఆయన, చేతిలో గోనెసంచి. టోపీ తీసి పట్టుకున్నాడు.

"ఒక మనవి," అన్నాడు. "బుధవారానికి ముందు ఆ చెట్టు కాయలు ఏరుకోవచ్చా?"

ఓక్ ఆ ఏడు విరగకాసింది. ఎండిన పక్క ఏమీ లేదు కానీ, రెండో పక్క నుంచి కాయలు వానలా రాలుతున్నాయి. చచ్చేముందు చెట్టు అలా కాస్తుందని తర్వాత ఆయనే చెప్పాడు. రమ్మన్నాను. ఆయన వంగి ఒక్కొక్క కాయా తీసి, వేలితో నొక్కి, బరువైనవి సంచిలో, తేలికవి అవతలికి వేస్తున్నాడు. ఊరికే నిలబడలేక నేనూ ఏరడం మొదలుపెట్టాను.

"ఏం చేస్తారు వీటితో?"

"నాటుతాను. వీటిని ఎండబెట్టకూడదు, తడి ఇసుకలో పెట్టి చలికాలం దాటించాలి. పైన్ గింజ అయితే డబ్బాలో ఏళ్ల తరబడి దాచుకోవచ్చు. ఓక్ ఆగదు." ఇంకో కాయ సంచిలో వేసి అన్నాడు, "ఈ రెండు చెట్లూ మా నాన్న నాటాడు. నేను పుట్టిన వారంలో."

నా చేతిలో కాయలు అలాగే ఉండిపోయాయి.

"ఇక్కడా?"

"ఈ ఇంట్లోనే పుట్టాను. మేడ మీద, అడవి వైపు గదిలో. మా నాన్న వడ్రంగి, ఇల్లు ఆయనే కట్టాడు. తర్వాత అన్న వాటాకి వచ్చింది. మీకు అమ్మింది అన్న పిల్లలు." మేడ వైపు చూశాడు. అది మా పిల్ల గది. "పైన్ నీ ఇంటి కప్పుకి, ఓక్ నీ మనవడి ఇంటి గడపకి అనేవాడు నాతో. పైన్ దూలం తేలిక, నిటారుగా వస్తుంది, కప్పుకి అదే మంచిది. ఓక్ బరువు, నీళ్లకీ తొక్కుడుకీ ఆగుతుంది. మీ గడప ఓక్, పైన దూలాలు పైన్. చూసే ఉంటారు."

నేను చూసింది గడపకి పసుపు రాయడానికి మాత్రమే. ఆ గడపకి పక్కన మేకు కొడితే చుట్టూ నల్లగా మరక పడింది, ఎంత తోమినా పోలేదు. ఆ సంగతి చెప్పాను. ఓక్‌లో ఇనుము పెడితే అంతే, నల్లబడుతుంది, ఇత్తడి మేకు వాడాలన్నాడు.

ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. మూడేళ్లలో మాట్లాడనిదంతా ఆ రోజే మాట్లాడినట్టుంది. ఆయనకి పదేళ్లొచ్చేసరికి పైన్ ఇంటి కప్పు దాటిందట, ఓక్ ఆయన భుజం దాటలేదట. స్నేహితులకి పైన్ చూపించేవాడు, ఓక్ చూపించడానికి సిగ్గుపడేవాడు. పైన్‌కి ఎండ ఒక్కటి ఉంటే చాలు, ఇసుకలోనైనా వేరు తిన్నగా కిందికి దించుకుంటుంది, కింది కొమ్మలు తనే రాల్చుకుంటుంది, గాలికి ఊగుతుంది కానీ పడదు. ఎనభై ఏళ్లకి దాని ఎదుగుదల దాదాపు అయిపోయినట్టే. ఓక్‌కి ఎనభై అంటే ఇంకా కుర్రతనమే. కుర్రగా ఉన్నప్పుడు ఆయన పని ఈ అడవిలో పైన్ బెరడు గీసి జిగురు పట్టడం. ఈ తూర్పు భాగం వేరే దేశంగా ఉన్న రోజుల మాట. వేసవంతా రోజూ వందల చెట్లు గీసేవాడట.

"పైన్‌కి దెబ్బ తగిలితే వెంటనే జిగురు కారుస్తుంది. ఎక్కడ నొప్పో మనకి తెలిసిపోతుంది," అన్నాడు. "ఓక్ రెండు మూడేళ్లు ఏమీ చెప్పదు. అది చెప్పేసరికి మనకి టైము ఉండదు."

నాకు కళ్లలో నీళ్లు ఆగలేదు. ఇది మా ఇల్లు అని నేను దబాయించింది ఈ ఇంట్లో పుట్టిన మనిషిని. "ఆ రోజు ఇన్‌స్పెక్టర్‌కి మీరెందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"ఆవిడ అడిగింది మిమ్మల్ని," అన్నాడు. గొంతులో కోపం లేదు. అది ఇంకా కష్టంగా అనిపించింది.

"ఇప్పుడు మట్టి తీస్తే?"

ఆయన అరుగు వైపు చూశాడు. "రెండేళ్లు. తెలీదు. మొదలు చుట్టూ పూర్తిగా చచ్చి ఉంటే లాభం లేదు. కొంతైనా బతికి ఉంటే..." అని సంచి కింద పెట్టాడు. "చూస్తేనే తెలుస్తుంది."

నేను పార తెచ్చాను. వద్దన్నాడు. పార తగిలి బెరడు లేస్తే, ఉన్న ప్రాణం మేమే తీసినట్టవుతుంది. చేతులతోనే తియ్యాలి, మొదలు దగ్గర చెక్కపుల్లతో, బ్రష్‌తో. నేను మోకాళ్ల మీద కూర్చున్నాను. నేనే కాళ్లతో తొక్కి గట్టి చేసిన మట్టి గోళ్లకి లొంగలేదు. అరగంటకి మా ఆయన బయటికి వచ్చాడు. మమ్మల్ని చూశాడు, మొహం మాడ్చుకుని లోపలికి వెళ్లాడు. కోపమొచ్చిందనుకున్నాను. గ్లవ్స్ వేసుకుని, బకెట్ పట్టుకుని వచ్చి నా ఎదురుగా కూర్చుని తవ్వడం మొదలుపెట్టాడు.

ఆ సాయంత్రానికి రాళ్లూ సగం మట్టీ పోయాయి. ఆదివారం మళ్లీ మొదలుపెట్టాం. చేతులతో చేసే పనికి చప్పుడు లేదు కాబట్టి ఆదివారమైనా ఎవరూ ఏమీ అనలేదు. మధ్యాహ్నానికి ఉత్తరం పక్క మొదలు బయటపడింది. పులిసిన వాసన. బెరడు నల్లగా, మెత్తగా, వేలు పెడితే ఊడి వచ్చింది. ముసలాయన జేబులోంచి చిన్న కత్తి తీసి సన్నగా గీశాడు. లోపల గోధుమరంగు, పొడి. "చచ్చింది," అన్నాడు. జానెడు పక్కకి జరిగి గీశాడు. గోధుమరంగు. ఇంకో జానెడు. మళ్లీ అదే. నాలుగోసారి గీశాడు. మళ్లీ అదే రంగు.

మా ఆయన లేచి కంచె దాకా నడిచి, మళ్లీ వచ్చాడు. "ఇంక సాల్తియ్యండి" అని తెలుగులోనే అన్నాడు ఆయనతో. ఆయనకి అర్థం కాలేదు, ఆగలేదు. ఐదో చోట గీశాడు. కత్తి కింద తడి మెరిసింది, లేత గులాబీ రంగులో. ఆయన వేలితో తాకి, ఆ వేలు నాకు చూపించాడు.

"ఇక్కడ బతికి ఉంది."

మిగతా చుట్టంతా అలాగే గీసి చూశాం. జానలతో కొలిస్తే మొదలు చుట్టుకొలత పదకొండు. నాలుగు చచ్చాయి, ఏడు బతికి ఉన్నాయి.

చేతులు కడుక్కోవడానికి లోపలికి రమ్మంటే ఆయన వచ్చాడు. పసుపు రాసిన గడప చూసి, తొక్కకుండా కాలెత్తి దాటాడు. "మా నాన్న కూడా తొక్కనిచ్చేవాడు కాదు, అరిగిపోతుందని," అన్నాడు. మా ఆయన ఆ మాట విని కుర్చీలో కూర్చుండిపోయాడు. టీ తాగి ముసలాయన వెళ్లాక నాతో అన్నాడు, "పొద్దుగాల్ల ఫోన్ చెయ్యి. నేను పక్కన్నే ఉంట."

సోమవారం ఎనిమిదింటికి ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేశాను. జర్మన్ తడబడింది. మేం అబద్ధం చెప్పాం, ఆ మట్టి నేనే వేయించాను, పక్కింటాయన వద్దన్నా వినలేదు అన్నాను.

"ఎన్నేళ్లయింది?"

"రెండేళ్లు."

"రెండేళ్లేనా?" అంది. ఆ గొంతులో కోపమో, ఇంకేదో, నాకు తెలియలేదు. "రేపు వస్తాను."

మంగళవారం వచ్చింది. కత్తి గీతలన్నీ చూసింది, మొదలుని సుత్తితో కొట్టి విన్నది. సన్నటి సూది కర్రలోకి దించి కాగితం మీద గీత గీసే యంత్రం ఒకటి తెచ్చింది. నాలుగు వైపులా దించింది. ఆ గీత చూస్తూ మేం ముగ్గురం పరీక్ష రిజల్ట్ ముందు పిల్లల్లా నిలబడ్డాం. ఆవిడ యంత్రం సర్దుకుని మా ఆయన వైపు తిరిగింది.

"లోపల కర్ర గట్టిగా ఉంది. ఒక పక్క బెరడే చచ్చింది. రెండేళ్లదని మొదటే చెప్పి ఉంటే, ఆ రోజే మట్టి తీయించి చూసేదాన్ని. కొట్టమని రాసేదాన్నే కాదు. నా ఉద్యోగంలో మనుషులు చెప్పింది నమ్మాలి."

మా ఆయన తల దించుకున్నాడు. నేనూ దించుకున్నాను. బుధవారం రద్దు చేసింది. ఎండిన కొమ్మలు తీయించాలి, పిల్ల గది మీదున్న బరువు తగ్గించాలి, ఏటా చూపించాలి. మిగతాది వసంతంలో చెట్టే చెబుతుంది. జరిగింది రిపోర్టులో రాయక తప్పదంది. రాయమన్నాం. తర్వాత సంజాయిషీ అడుగుతూ ఉత్తరం వచ్చింది. ఉన్నది ఉన్నట్టు రాశాను, నా తప్పులు మా పిల్ల దిద్దింది. జరిమానా వేశారు, కట్టాం. సిటిజన్‌షిప్ ఫైల్ ఇంకా ఆఫీసులోనే ఉంది. ఆ ఓక్ గురించి ఇంతవరకు ఎవరూ అడగలేదు, రేపు అడగరని చెప్పలేను.

ఆ చలికాలం గాలి వీచినప్పుడల్లా పిల్లని మా గదిలో పడుకోబెట్టుకున్నాను. పైన్ ఎప్పటిలాగే ఊగింది, కిర్రుమంది, నిలబడింది. అది పచ్చగానే ఉంటుంది కాబట్టి దాని గురించి బెంగ లేదు. ఓక్ మాత్రం బోడిగా, బతికిందో లేదో చెప్పకుండా ఉంది. మార్చి పోయింది, ఏప్రిల్ పోయింది. మే మొదటి వారానికి అడవి అంచున ఓక్‌లన్నీ చిగురేశాయి. మాది వేయలేదు. రోజుకి పదిసార్లు కిటికీ దగ్గరికి వెళ్లేదాన్ని. మీటింగుల్లో ఎవరేం మాట్లాడారో కూడా గుర్తులేదు.

రెండో వారం ఒక పొద్దున బెల్లు మోగింది. గేటు బయట ముసలాయన, చేతిలో టోపీ. ఈసారి సంచి లేదు.

"పైకొమ్మకి ఆకొచ్చింది," అన్నాడు. "మీకు కింది నుంచి కనపడదు. మా మేడ కిటికీలోంచి కనపడుతుంది. చెప్పిపోదామని."

గేటు తీశాను, ఆయన లోపలికి అడుగుపెట్టలేదు. "రావచ్చా?" అని అడిగాడు. "మీరు పుట్టిన ఇల్లు కదా, ఇంకెప్పుడూ బెల్లు కొట్టకండి, అడక్కండి," అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"లేదు. ఇది మీ ఇల్లే," అన్నాడు. మూడేళ్ల కింద కంచె దగ్గర అన్న మాటే. నేను రమ్మన్నాకే వచ్చాడు.

ఏడు జానల వైపు ఆకు వచ్చింది, చిన్నదైనా వచ్చింది. నాలుగు జానల వైపు రాలేదు, ఇక రాదు. ఇప్పుడు చెట్టు మొదట్లో ఏమీ లేదు, వేళ్లు పైకి తేలి ఉంటాయి, కుర్చీలు దూరంగా వేసుకుంటాం. ఆదివారాలు తెలుగు కుటుంబాలు వస్తూనే ఉన్నాయి. అరుగేమైందండీ, ఈ పక్కంతా ఇలా ఎండిపోయిందేంటి, తెగులేమైనా పట్టిందా అని అడుగుతారు. మా ఆయన అలవాటు కొద్దీ "మేం కొన్నప్పుడు..." అని మొదలుపెట్టి, ఆగి, నా వైపు చూస్తాడు.

"తెగులు కాదు. ఆ పక్క నేనే చంపాను," అంటాను.